కప్పగుడ్డులో మొదటి గంట

నంద్యాల,
2 జూలై 1985

అక్కా,

ఈ ఉత్తరం చదివి నవ్వితే నవ్వు గానీ, పని మాత్రం చేసిపెట్టాలి. నాకు కప్పగుడ్లు కావాలి.

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పడానికి చేరి రెండేళ్లవుతున్నా నువ్వింకా అందరితో ‘మావాడు కప్పలు కోస్తాడు’ అనే చెబుతున్నావట. మొన్న బావ ఇటు వచ్చినప్పుడు చెప్పి నవ్వాడు. ఈ ఏడు కోయడం లేదు. ఎం.ఫిల్. కోసం కప్ప పుట్టుకను మొదటి నుంచి గమనించి, గంట గంటకూ బొమ్మలు గీసే పని పెట్టుకున్నాను. ఇక్కడ కాలేజీ వెనుక మడుగును పూడ్చి సైకిల్ స్టాండు కట్టారు. ఆళ్లగడ్డలో మీ ఇంటి వెనుక రోడ్డుకు గరుసు తీసిన గుంత ఉంది కదా, వాన పడితే కప్పల అరుపులకు చెవులు చిల్లులు పడుతున్నాయని నువ్వే అనేదానివి. ఆ కప్పలవే కావాలి. కప్పల్ని పంపితే బస్సు కుదుపులకు జంట విడిపోతుంది, విడిపోతే గుడ్లు పెట్టవు. అందుకే గుడ్లే పంపు.

కప్పగుడ్డును ఎప్పుడైనా దగ్గరగా చూశావా? ఆవగింజంత ఉంటుంది. పైసగం నలుపు, కింది సగం తెలుపు. అందులో తల ఏ పక్క, వీపు ఏ పక్క? చెప్పలేం, చుట్టూ ఒకటే. మగకప్ప బీజం ఏదో ఒక పక్క నుంచి దూరుతుంది. ఆ తర్వాత గుడ్డు రెండుగా చీలేలోపు, గంట కూడా పట్టదు, దాని పైపొర లోపలి ముద్ద మీద కొద్దిగా పక్కకు జరుగుతుంది. బీజం దూరిన చోటికి ఎదురుపక్క వీపు అవుతుంది. అంతే, ఆ గంటలోనే తేలిపోతుంది. ఆ పొరను జరిపేది ఏది? ప్రతి కణంలోనూ సన్నటి పోగులతో కట్టిన ఒక గూడు ఉంటుంది. కణానికి అదే అస్థిపంజరం. మన ఎముకల్లా గట్టిపడి ఉండేది కాదు. పని ఉన్నప్పుడు కట్టుకొని, పని తీరగానే విప్పేసుకొనేది. జరిపేది ఆ పోగులేనని బయటి దేశాల వాళ్ల అనుమానం. ఇంకా ఎవరూ వాటిని అక్కడ కళ్లారా చూడలేదు. ముందు మామూలు గుడ్లు ఎలా పెరుగుతాయో నా దగ్గర లెక్క ఉంటే, తర్వాత ఆ మొదటి గంట జోలికి పోతాను.

ఆడకప్ప వీపు మీద మగకప్ప కరుచుకొని ఉన్న జంటను సాయంత్రం తొట్టి నీళ్లలో వదిలితే తెల్లవారేసరికి గుడ్లు పెడతాయి. పెట్టిన వెంటనే గరిటెతో ఎత్తి నేను పంపే డబ్బాలో పోసి, ఆరు గంటల బస్సులో కండక్టరు సంజీవయ్యకు ఇవ్వు. ఇక్కడ బస్టాండులో మా ల్యాబు అటెండరు అబ్దుల్ గఫార్ అందుకుంటాడు. ఎండ తగలనివ్వొద్దు. చల్లగా ఉంచు.

మీ అత్త చెన్నమ్మకు నా దండాలు.

నీ తమ్ముడు
యాకోబు


ఆళ్లగడ్డ,
9 జూలై 1985

యాకోబుకు అక్క దీవెనలు.

డబ్బా అందిందని నువ్వు రాసేదాకా ఆగలేక ముందే రాస్తున్నాను. ఈ కథ చెప్పకపోతే నాకు తోచదు.

నువ్వు అడిగిన కప్పలు ఆదివారం వానకు తేలాయి. మగవి ఎంత పసుపుపచ్చగా ఉన్నాయనుకున్నావు! గట్టు మీద నిలబడి ‘అదిగో ఇదిగో’ అంటున్నానే గాని నీళ్లలో దిగే ధైర్యం నాకు రాలేదు. మూడో తరగతి పిల్లలను అరిచి కూర్చోబెట్టే టీచరమ్మకు కప్పంటే భయం. మా అత్త వాకిట్లో రాగులు చెరుగుతూ ఇదంతా చూస్తోంది. చేట పక్కన పెట్టి, కుచ్చెళ్లు ఎగదోపి, మోకాటి లోతు నీళ్లలో దిగి, ఒక జంటను రెండు చేతులా ఎత్తి తొట్టిలో వేసింది.

“ఇవేనా మీ తమ్మునికి కావాల్సింది?” అంది.

“అవునత్తా” అన్నాను. ఇంక మాట లేదు. పోయి చేట పట్టుకుంది. ఆమె నాతో రోజు మొత్తానికి మాట్లాడేది అంతే, నీకు తెలియనిది కాదు. ఈ రెండేళ్లుగా మరీను.

తెల్లారి చూస్తే తొట్టిలో నల్ల నువ్వులు చల్లినట్టు ఉన్నాయి. నేను చూస్తూ ఉండగానే ఇంకా పెడుతున్నాయి. ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. ఎత్తి డబ్బాలో పోసి బస్సు దగ్గరికి పరుగెత్తాను. చల్లగా ఉంచమన్నావు కదా, ఎంత చల్లగా ఉంచాలో అంత చల్లగా పంపాను. ఆ విషయంలో నువ్వు నాకు వంక పెట్టలేవు.

మీ బావ అహోబిలంలోనే ఉన్నాడు. గాలివానకు అడవిలో కరెంటు స్తంభాలు పడిపోతే లైన్‌మన్లకు ఊపిరాడడం లేదట. శనివారం ఇంటికి వచ్చినప్పుడు నువ్వు కప్పగుడ్లు అడిగిన సంగతి విని, “మీ అక్కాతమ్ముళ్లకు వేరే పనేమీ ల్యాదా?” అని నవ్వినాడు.

వేళకు అన్నం తిను. గుడ్లు పిల్లలైనాక ఎలా ఉన్నాయో నాకు రాయి. నేను పంపినవి కాబట్టి నాకూ మనసు లాగుతోంది.

ఎస్తేరు


నంద్యాల,
14 జూలై 1985

అక్కా,

మూడు రోజులుగా నిద్రాహారాలు సరిగా లేవు. ఉత్తరం కరుకుగా ఉంటే ఏమనుకోవద్దు.

నీ గుడ్లు భద్రంగా చేరాయి. ల్యాబుకు చేరిన రెండు గంటలకు ఒక్కొక్కటి నాలుగు ముక్కలుగా, ఎనిమిదిగా చీలుతూ ఉంది. మైక్రోస్కోపు కింద ఆ చీలడం చూడాలి అక్కా! నడుముకు మొలతాడు బిగించినట్టు గుడ్డు చుట్టూ ఒక పోగుల వలయం బిగుసుకుంటూ పోతుంది, ఒకటి రెండవుతుంది. ఆ పోగులూ నేను చెప్పిన గూటిలోవే. మొదటి రోజు బొమ్మలు పదిహేను గీశాను.

తర్వాతే చెడింది. గుడ్డు వీపు మీద ఒక గాడి పడాలి. దాని అంచులు లేచి, ఒకదానికొకటి ఆనుకొని మూసుకోవాలి. తల, వెన్ను అక్కడి నుంచే వస్తాయి. నీ గుడ్లకు గాడే పడలేదు. మూడో రోజుకు చూస్తే అన్నీ పొట్ట ముద్దలు. తల లేదు, కళ్లు లేవు, వీపు లేదు. నూటికి ఎనభై అంతే. పైగా అవి బతికే ఉన్నాయి, అదీ విచిత్రం.

మా ప్రొఫెసరు గారిని అడిగాను. తల్లి కప్పలో లోపం ఉంటుంది, తల్లిని మార్చి చూడమన్నారు. నాకూ అదే అనిపిస్తోంది. గుడ్డులో ఉండేదంతా తల్లి పెట్టిందే కదా. కాబట్టి ఆ ఆడకప్పను వదిలేసి వేరే జంటను పట్టు. ఈసారి రెండు డబ్బాలు పంపితే మేలు.

యాకోబు


ఆళ్లగడ్డ,
24 జూలై 1985

యాకోబుకు,

రెండో డబ్బా పదిహేడున, మూడోది ఇరవై రెండున పంపాను. వేరు వేరు కప్పలే. ఆ మొదటి ఆడకప్పను అత్త బుట్టలో పెట్టుకొని వాగు దాకా నడిచి వదిలి వచ్చింది. నేను చెప్పలేదు. నీ ఉత్తరంలో ఏముందని అడిగితే చెప్పానంతే.

గుడ్డులో ఉండేదంతా తల్లి పెట్టిందేనని రాశావు. అది పుస్తకంలో ఉందా, నువ్వు అనుకున్నదా?

ఇక్కడ వానలు బాగానే ఉన్నాయి.

ఎస్తేరు


నంద్యాల,
3 ఆగస్టు 1985

మా అక్క ఎస్తేరు టీచరమ్మకు,

ఉత్తరం అంత పొట్టిగా రాశావేం? స్కూల్లో ఇన్‌స్పెక్షన్ ఏమైనా ఉందా?

నువ్వు అడిగినది పుస్తకంలోనే ఉంది. మొదటి రోజు గుడ్డు చేసే పనులన్నిటికీ సరుకు తల్లిదే. తండ్రి నుంచి వచ్చేది చాలా తక్కువ.

కానీ ఇప్పుడు అసలు చిక్కు వేరే. నువ్వు పంపిన మూడు డబ్బాలూ ఒకే తీరు. మూడు జంటలూ వేరే కదా, ముగ్గురు తల్లులకూ ఒకే లోపం ఉంటుందా? సరేనని గఫార్ వాళ్ల వీధి చివర వాననీటి గుంతలో ఒక జంటను పట్టి గుడ్లు పెట్టించాం. అన్నీ శుభ్రంగా తలతో, తోకతో ఈదుతున్నాయి. అంటే తేడా ఉన్నది మీ దగ్గరే. గఫార్ ఏమన్నాడో తెలుసా? “సార్, లోపం ఆళ్లగడ్డ నీళ్లల్లోనన్నా ఉండల్ల, ల్యాకపోతే మీ అక్క చేతిలోనన్నా ఉండల్ల!” ల్యాబులో అందరం నవ్వుకున్నాం.

గుంత నీళ్లు ఒక సీసాలో పట్టి పంపు. పరీక్ష చేయిస్తాను. ఇంకో రెండు డబ్బాల గుడ్లు కూడా పంపితే తేలిపోతుంది. వాన సీజను అయిపోతే నా ఏడాది వృథా.

నీ తమ్ముడు,
యాకోబు


ఆళ్లగడ్డ,
10 ఆగస్టు 1985

యాకోబూ,

ఇక గుడ్లు పంపను. నన్ను అడగొద్దు.

మీరందరూ నవ్వుకున్న మాట నిజమే. లోపం నా చేతిలోనే ఉంది. నీకు తెలియదు కాబట్టి నీ మీద కోపం లేదు. తెలియకుండా దాచింది మేమే.

ఎనభై మూడు జూన్‌లో నువ్వు తిరుపతిలో పరీక్షలు రాస్తూ ఉంటే, బిడ్డ పుట్టి పోయిందని నీకు కార్డు రాయించాము. అది పూర్తి నిజం కాదు. పాప పుట్టింది. కాళ్లు, చేతులు, వేళ్ల గోళ్లు అన్నీ ఉన్నాయి. కనుబొమల పైన మాత్రం ఏమీ లేదు. తల మూసుకోలేదు. పాప ఏడవలేదు. మంత్రసాని ఒక్క అరుపు అరిచి వెనక్కి జరిగింది. మా అత్త పాపను తన పాత చీరలో చుట్టి ఎత్తుకొని వెళ్లిపోయింది. ఎక్కడ పూడ్చిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మీ బావ పొద్దున వచ్చేసరికి అంతా అయిపోయింది. “పుట్టి పోయింది నాయనా” అని మాత్రం అత్త చెప్పింది. ఆయనకు ఈనాటికీ ఆ సంగతి తెలియదు.

ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడడం మానేసింది. అన్నం పెడుతుంది, ఒంట్లో బాగాలేకపోతే కషాయం కాచి ఇస్తుంది, ముఖం చూసి మాత్రం మాట్లాడదు. నన్ను తప్పుపడుతోందని తెలుసు. పక్కింటి ఉమామహేశ్వరమ్మ గ్రహణం నాడు బయట తిరిగావా అని అడిగింది. మన క్రైస్తవులకు గ్రహణాల పట్టింపు లేదని చెప్పాను. చెప్పి లోపలికి వచ్చి, గ్రహణం ఎప్పుడు పట్టిందో లెక్క వేసుకున్నాను.

నువ్వు ‘తల లేదు, కళ్లు లేవు’ అని రాసిన రోజు ఆ కాగితం చేతిలో పట్టుకొని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. తల్లిలోనే లోపం అన్నావు. పుస్తకంలో ఉందన్నావు. నేను చేసిన తప్పేమిటో చెప్పు. ఏ పని చేసినా ప్రాణం పెట్టి చేస్తాను, నీ గుడ్లే చూడు. చల్లగా ఉంచు అన్నావని దాదా ఖలందర్ సోడా అంగడికి పోయి మంచుగడ్డ అడిగి తెచ్చి, పగలగొట్టి బక్కెట్లో నింపి, దాని నడుమ నీ డబ్బా దింపి పంపాను. సంజీవయ్య డబ్బా అక్కడ ఇచ్చి, బక్కెట్టు నాకు తిరిగి తెచ్చేవాడు. అంత జాగ్రత్తగా చేసినా నా చేతిలో అవి అలాగే అయ్యాయి.

నా దగ్గర దాయకుండా చెప్పు. లోపం నాలోనే ఉందా?

ఎస్తేరు


నంద్యాల,
13 ఆగస్టు 1985

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. బస్సెక్కుదామని బస్టాండు దాకా వెళ్లి తిరిగి వచ్చాను. నీ ఎదుట నిలబడితే ఏడుస్తానే గాని చెప్పాల్సింది చెప్పలేను. పైగా బావకు తెలియదని రాశావు. ఆ ఇంట్లో ఏ మాట ఎలా ఎత్తాలో నాకు తోచలేదు.

నేను రాసిన మాటలకు నన్ను క్షమించు. చేతి గురించి రాసిన మాటకు ముఖ్యంగా.

ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతాను. కప్పగుడ్లను చెడగొట్టింది మంచుగడ్డ. కణంలో గూడు కట్టే ఆ పోగులు చలికి కరిగిపోతాయి. ఆ గంటలో అవి లేకపోతే పైపొర జరగదు, జరగకపోతే వీపు రాదు, తల రాదు. నేను చదివినదే, నాకు తట్టలేదు. ‘చల్లగా ఉంచు’ అని ఒక్క ముక్క రాసి వదిలేసింది నేను. నీడలో ఉంచు అని రాసి ఉంటే సరిపోయేది.

మిగతాది అనుకొని రాయను. పది రోజులు గడువు ఇవ్వు. పరీక్ష చేసి, పెద్దవాళ్లను అడిగి, తెలిసిందే రాస్తాను.

యాకోబు


ఆళ్లగడ్డ,
18 ఆగస్టు 1985

యాకోబూ,

నువ్వు నన్ను ఓదార్చడానికి రాశావు, నాకు వేరేగా అర్థమైంది. మంచుగడ్డ తెచ్చింది ఎవరు? నేను. అంటే నా చేతే కదా.

ఇంకో సంగతి. పాప జూన్‌లో పుట్టింది కాబట్టి మొదలు సెప్టెంబరులో అయి ఉండాలి. ఆ సెప్టెంబరులో బావ దగ్గరికి అహోబిలం పోయి రెండు వారాలు ఉన్నాను. రోజూ తెల్లవారి వాగు నీళ్లతో తలస్నానం చేశాను. అడవి నీళ్లు, పళ్లు టకటక కొట్టుకునేవి. బావ వద్దంటూనే ఉన్నాడు. “జ్వరమొస్తాది, ఏందీ మొండితనం” అని తిట్టేవాడు. నాకు ఆ నీళ్లు ఎంతో బాగుండేవి. నవ్వుతూ స్నానం చేశాను యాకోబూ.

మొదటి గంటలోనే తేలిపోతుందన్నావు. చలికి పోగులు కరిగిపోతాయన్నావు. నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకొని చదివాను. ఇక నువ్వు పరీక్ష చేయాల్సింది ఏముంది?

ఎస్తేరు


నంద్యాల,
30 ఆగస్టు 1985

నన్ను పెంచిన అక్కకు,

ఇది పొడుగు ఉత్తరం. తొందరపడి సగంలో ఆపొద్దు. చివరిదాకా చదివాక నీకు ఏమనిపిస్తే అది అనుకో.

ముందు పరీక్ష సంగతి. గఫార్ మళ్లీ ఒక జంటను తెచ్చాడు. ఇద్దరం తొట్టి పక్కనే కూర్చొని, గుడ్లు పెట్టిన వెంటనే మూడు గిన్నెల్లో అరవై అరవై వేశాం. మొదటి గిన్నెను ఏమీ చేయలేదు. రెండో దాన్ని, గుడ్లు చీలకముందే పది నిమిషాలు మంచునీళ్లలో ఉంచి తీశాం. మూడో దాన్నీ అలాగే మంచులో ఉంచి తీసి, తర్వాత ఒక్కో గుడ్డునూ మైనంలో చేసిన చిన్న గుంటలో పక్కకు వాల్చి, మళ్లీ తిరగకుండా అరగంట నిలిపాం.

మొదటి గిన్నెలో రెండు తప్ప అన్నిటికీ తల వచ్చింది. మంచులో పెట్టిన రెండో గిన్నెలో యాభై ఒకటి అచ్చంగా నువ్వు పంపినవాటిలాగే అయ్యాయి. మూడో గిన్నె చూసి గఫార్ “యా అల్లా” అన్నాడు. వాటిలో నలభై మూడింటికి తల వచ్చింది. పోగులు కరిగినా, గుడ్డును వాల్చితే లోపలి బరువైన ముద్ద తనంతట తాను జారుతుంది. పోగులు చేయాల్సిన పని ఆ బరువే చేసేసింది. నీ మనసు నెమ్మదించాలని ఇది చెప్పడం లేదు. జరిగింది కాబట్టి చెబుతున్నాను. తల్లి కప్పలో ఏ లోపమూ లేదు. నేను పుస్తకం చదివి తప్పు మాట రాశాను.

ఇప్పుడు పాప సంగతి. ఇది నేను ఇక్కడి ఆస్పత్రిలో డాక్టరు లూదియా గారి దగ్గర కూర్చొని, రెండుసార్లు అడిగి రాసుకున్నాను.

కప్ప తన గుడ్డును నీళ్లలో వదిలేసి పోతుంది. నీళ్లు ఎంత చల్లబడితే గుడ్డూ అంత చల్లబడుతుంది. మనిషి గుడ్డు అలా కాదు. అది తల్లి ఒంట్లో ఉంటుంది. నువ్వు వాగులో ఎంతసేపు మునిగినా లోపలి వేడి మారదు, నీ ఒళ్లు మారనివ్వదు. పళ్లు కొట్టుకోవడం, వణకడం ఆ వేడిని కాపాడుకోవడానికే. ఇంకా, మనిషి గుడ్డులో వీపు ఏదో, తల ఏదో మొదటి గంటలో తేలదు. అది చాలా రోజుల తర్వాత జరిగే పని. తల మూసుకొనేది నాలుగో వారంలో. కప్పకు మొదటి గంటలో తప్పినదీ, పాపకు నాలుగో వారంలో తప్పినదీ రెండూ వేరు. చూడడానికి ఒకలా ఉన్నాయని నువ్వు రెంటినీ కలిపావు, నేను రాసిన రాతలే నీతో కలిపించాయి.

మరి పాపకు ఎందుకు అలా అయింది అంటావు. నాకు తెలియదు. లూదియా గారికీ తెలియదు. ఆమె ఇరవై ఏళ్ల పనిలో ఇలాంటి బిడ్డలను చాలామందిని చూశారట. గొప్పవాళ్లకు, బీదవాళ్లకు, మొదటి కాన్పుకు, ఐదో కాన్పుకు, ఎవరికైనా జరగవచ్చట. కారణం వెతుకుతున్నారు, ఇంకా దొరకలేదు. “గ్రహణం వల్ల కాదు, చన్నీళ్ల వల్ల కాదు. తల్లి చేసిన తప్పు వల్ల కాదు. నా పేరు చెప్పి రాయి” అన్నారు. ఆమె పేరు చెప్పి రాస్తున్నాను.

కారణం తెలియకపోవడం కష్టమే అక్కా. ఆ ఖాళీలో నువ్వు రెండేళ్లుగా నిన్నే పెట్టుకొని కూర్చున్నావు. అక్కడి నుంచి లేచి రా.

బావకు చెప్పు. ఆయన నీ మనిషి.

యాకోబు


ఆళ్లగడ్డ,
8 సెప్టెంబరు 1985

తమ్ముడూ,

నిన్న సాయంత్రం బావ వచ్చి కాళ్లు కడుక్కున్నాక, అత్తను కూడా పిలిచి కూర్చోబెట్టి, పాప ఎలా పుట్టిందో ముందు నా నోటితో చెప్పాను. తర్వాత నీ ఉత్తరం మొదటి నుంచి చదివాను.

బావ ముందు నన్నే అడిగాడు. “రెండేండ్లు నాకెందుకు చెప్పల్యా?” అన్నాడు. అత్త వైపు తిరిగి, “అమ్మా, నువ్వు గూడానా?” అన్నాడు. లేచి గుంత గట్టు దాకా వెళ్లి నిలబడ్డాడు. తిరిగి వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. “నేను వద్దంటాన్యా కూడా ఆ వాగులో నువ్వెంత సంబరంగా నీళ్లు పోసుకుంటాంటివి! దాన్ని గూడ తప్పు జేసుకున్నావా?” అన్నాడు. ఆ మాటకు ఏడ్చాను. ఆయనా ఏడ్చాడు.

కొంచెంసేపటికి అత్త, “ఏమ్మా, ఆ డాక్టరమ్మ మాట ఇంగోసారి చదువు” అంది.

చదివాను. “తల్లి చేసిన తప్పు వల్ల కాదు.”

“ఇంగోసారి.”

మూడుసార్లు చదివించుకుంది. అప్పుడు చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను, నేను మార్చితే అది వేరేగా అవుతుంది.

“నాది మగబిడ్డ. ఈ నా కొడుకు దేవదానం కంటే ముందు. మేము కొత్తపల్లెలో ఉంటిమి అప్పుడు. అచ్చం నీ బిడ్డ మాదిరే. మా అత్త చూసి, ఇది మనిషి కడుపేనా అనె. మీ మామ నన్ను పుట్టింటికి తోలి, ఎనిమిది నెలలు మల్లీ చూడల్యా. నీ బిడ్డను చూస్తానే నాకు అదే గుర్తొచ్చె. నా కొడుకు గూడ నిన్ను అట్ల చేస్తాడేమో అని బయపడినా. అందుకే ఎవురికీ చూపీకుండా నేనే ఎత్తకపోయినా. నీతో కూచోని మాట్లాడితే యాడ నోరు జారతాదో అని మాట్లాడల్యా. నన్ను తప్పు పట్టుకుంటాండావని తెల్సు. పట్టుకోనీలే, కాపురం నిలిస్తే సాలు అనుకున్యా.”

యాకోబూ, రెండేళ్లు ఆమె నా మీద కోపంగా ఉందనుకొని నేనూ ముఖం చాటేసుకొని తిరిగాను. ఒకే వంటింట్లో ఇద్దరం.

ఈ పొద్దు ఆదివారం ఆరాధనకు పోకముందే ముగ్గురం వెళ్లాము. పాపను పూడ్చిన చోటు అత్త చూపించింది. మీ బావ నేల మీద చేయి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు అత్త నన్ను ఆపి, నీకు ఒక ప్రశ్న రాయమంది. ఆమె బిడ్డ గంటసేపు బతికాడట. చేతులు ఆడించాడట, మూలిగాడట. “నీ తమ్ముడు సదువుకున్నోడు గదా, ఆ డాక్టరమ్మను అడిగి చెప్పమను. వానికి నొప్పి తెలిసింటాదా?” అంది. నలభై ఏళ్లుగా ఈ మాట ఎవరినీ అడగలేదట.

జవాబు తొందరగా రాయి. పోస్టు వచ్చే వేళకు ఆమె వాకిట్లోనే ఉంటుంది.

మీ అక్క


నంద్యాల,
12 సెప్టెంబరు 1985

అక్కా,

ఉత్తరం అందగానే క్లాసు వదిలేసి లూదియా గారి దగ్గరికి వెళ్లాను. ప్రశ్న విని, “ఎవరు అడిగారు?” అన్నారు. చెప్పాను. రోగులను కాసేపు బయట కూర్చోమని, తలుపు వేసి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు.

నీకోసం ఒక మాట. ఒకే ఇంట్లో రెండు తరాల్లో ఉంది కాబట్టి, ఈసారి నెల తప్పితే మొదటి నుంచే తన దగ్గరికి రమ్మన్నారు. ఇలాంటి బిడ్డ తర్వాత చాలామందికి మంచి బిడ్డలే పుట్టడం తను చూశానని చెప్పారు.

ఇక కిందిది అత్తకు. పక్కన కూర్చొని గట్టిగా చదువు.

అత్తా, నొప్పి ఇదీ అని మనకు తెలిసేది మెదడు పైభాగంతో. నీ బిడ్డకు ఆ భాగమే ఏర్పడలేదు. చేతులు ఆడింది, మూలిగింది మెదడు కింది భాగం చేసే పని. నిద్రపోయే బిడ్డ చేతులు ఆడించినట్టు అనుకో. పోయినసారి నేను ఎందుకో తెలియదు అని రాశాను, ఇది అలాంటిది కాదు, తెలిసిన సంగతే. డాక్టరమ్మ తన మాటగా చెప్పమంది. వానికి నొప్పి తెలియలేదు. నీ మనవరాలికీ తెలియలేదు.

అక్కా, చాలకపోతే ఇంకోసారి చదువు.

యాకోబు